మంచు మీద ఆ నల్లటి మరక రక్తమేనా?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సైన్యాలు ఆల్ప్స్ కొండల్లో పోరాడినప్పటి ఫొటోలకు తెలుగులో వివరాలు రాస్తున్నాను. ఒక ఫొటో దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. గాయపడిన సైనికుణ్ణి స్లెడ్జికి కట్టి, నలుగురు వాలులోంచి కిందికి దించుతున్నారు. వెనక మంచు మీద తారు ఒలికినట్టు నల్లటి మరక. అతని ముఖమూ నల్లగానే ఉంది. ఆకాశమేమో తెల్ల కాగితంలా ఉంది. 'రక్తపు మరక' అని రాయొచ్చా? తప్పు రాస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

జవాబు 1:
పాత నెగెటివ్‌లు ప్రింట్ చేసే పని నాది. అప్పట్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు (ఫిల్మ్ బదులు వాడే గాజు పలకలు) ఎరుపు కనిపించదు. అందుకే వాటిని డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం కిందే కడిగేవాళ్లు. ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. కాబట్టి రక్తం నల్లగానే వస్తుంది, కానీ బురదా, నూనే కూడా అంతే. మంచు ఎండకు కమిలిన ముఖం కూడా అసలు కంటే నల్లగా పడుతుంది. ఆకాశం తెల్లగా ఉందని మబ్బు పట్టిందనుకోకండి. దయచేసి రంగులు మాత్రం వేయకండి. ఆ మరకకు మీరు ఎరుపు వేస్తే చూసేవాళ్లు అదే నిజమనుకుంటారు.

జవాబు 2:
'తూటా గాయం' అని కూడా రాయకండి. 3,905 మీటర్ల ఓర్ట్‌లెస్ శిఖరం దాకా ఫిరంగులు ఎక్కించిన యుద్ధం అది. చలికి కాళ్లూ వేళ్లూ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. 1916 డిసెంబర్ 13న మార్మొలాడా పర్వతం మీద మంచు చరియ విరుచుకుపడి ఆస్ట్రియన్ల బ్యారక్‌లను పూడ్చేసింది. ఆ ఒక్క దెబ్బకే 200 మందికి పైగా పోయారు. వాళ్ల మీద ఎవరూ తుపాకీ పేల్చలేదు.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మళ్లీ పెద్దది చేసి చూశాను. అతని కాళ్లకు బూట్లు లేవు, మోకాళ్ల దాకా గుడ్డ చుట్టి ఉంది. మూడు రోజులూ మరకనే చూస్తూ కాళ్లు చూడనేలేదు. ఇప్పుడిలా రాశాను: 'కాళ్లకు కట్లతో ఒక సైనికుడు. నలుగురు తోటివాళ్లు అతన్ని స్లెడ్జి మీద కిందికి దించుతున్నారు. మంచు మీది మరక ఏమిటో తెలియదు.'