స్లో వర్మ్ మెడ కరిచిపట్టింది: కొట్లాటా, జతకట్టడమా?

సుధ_కెంట్: మాది ఇంగ్లండ్‌లో కెంట్. మే నెల కదా, పొద్దున్నే కంపోస్టు డబ్బా మూత తీస్తే రెండు స్లో వర్ములు కనిపించాయి. చూడ్డానికి పాములే గానీ కాళ్లు లేని బల్లులు ఇవి. ఒకటి రెండోదాని మెడ కరిచిపట్టుకుని ఉంది. గంట తర్వాత చూసినా అదే పట్టు. పుల్లతో విడదీద్దామని మావారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జెర్రిపోతు: విడదీయకండి. అది కొట్లాట కాదు, కాపురం.

రమణ72: అంత గట్టిగా ఎలా చెప్తారు? వసంతంలో మగవి కూడా ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పెద్ద మగవాటి ఒంటి మీద పాత గాట్లు నేనే చూశాను.

జెర్రిపోతు: కొట్లాటైతే రెండూ కరుస్తాయి, దొర్లుతాయి. ఇక్కడ ఒకటే కరిచింది, రెండోది ఊరుకుంది. మగది ఆడదాని తలో మెడో పట్టుకుని గంటల తరబడి వదలదు. పది గంటల దాకా సాగొచ్చు. మన ఊళ్లలో దీనికి సరిగ్గా తిరగబడిన కథ. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని పైకి లేస్తే సయ్యాట అని చేతులు జోడిస్తాం. చాలాసార్లు అవి రెండూ మగవే, కుస్తీ పడుతుంటాయి!

రమణ72: కథ బాగుంది. ఆధారం?

సుధ_కెంట్: ఫొటో పెద్దది చేసి చూశా. కరిపించుకున్నదానికి వీపు మధ్యలో సన్నటి నల్లగీత, పక్కలు ముదురు రంగు. కరిచినది మొత్తం బూడిద రంగే, మెడ దగ్గర రెండు మూడు నీలి చుక్కలు.

రమణ72: గీత ఒక్కటే చూసి తేల్చకండి. పిల్లల్లో మగవాటికీ అది ఉంటుంది. పొడవెంత?

సుధ_కెంట్: రెండూ మూరెడుకి కాస్త తక్కువ.

రమణ72: అయితే పిల్ల కాదు, ఆడదే. ఒప్పుకున్నా. కానీ మీరు గంటగంటకీ మూత తీయడం మాత్రం నాకు నచ్చలేదు.

పద్మజ: ముందు ఆ పుల్ల సంగతి. భయపెడితే ఇవి తోక వదిలేస్తాయి. తర్వాత మొండి తోకగా కొంచెమే పెరుగుతుంది. పైగా 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ వీటిని కావాలని గాయపరచడం నేరం. మూత విషయంలో రమణగారి మాటే సగం సరి. వీటిని సర్వే చేసేవాళ్లూ నేల మీద పరిచిన రేకులు ఎత్తి చూస్తారు, కానీ లెక్కపెట్టి వెంటనే దించేస్తారు. అవి వచ్చిందే మూత కింది వేడి కోసం. ఆగస్టు, సెప్టెంబరుల్లో కంపోస్టు తిరగేయకండి, పిల్లలుండొచ్చు. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి.

సుధ_కెంట్: పుల్ల అవతల పారేశారు. సాయంత్రం ఒక్కసారే మూత తీశా (రమణగారూ, ఒక్కసారే!). ఆడది మాత్రమే ఉంది. మెడ మీద పొలుసులు కాస్త రేగాయి. నా వైపు చూసి రెప్ప వేసింది. పాముకి రెప్పలెక్కడివి? ఇది బల్లేనని మావారు అప్పటికి నమ్మారు. కూరగాయల తొక్కులు వేరే బకెట్‌లో వేస్తున్నా.