చెంప ఎముక మీది సర్ఫేస్ పియర్సింగ్ పైకి తేలుతోంది: చీము పట్టిందా, చర్మం బయటికి నెట్టేస్తోందా?

నీలిపిట్ట అడిగిన ప్రశ్న

ఏడు వారాల క్రితం ఎడమ కంటి బయటి మూలకు కొంచెం దిగువన, చెంప ఎముక మీద సర్ఫేస్ పియర్సింగ్ (చర్మం కిందుగా కడ్డీ దూర్చి, బయటికి వచ్చే రెండు కొనలకూ పూసలు బిగించేది) చేయించుకున్నాను. మొదటి వారం వాపు ఉండి, చుట్టూ చర్మం కమిలింది. మూడో వారానికి అంతా సర్దుకున్నట్లే అనిపించింది. అయితే గత పది రోజులుగా రెండు పూసల మధ్యనున్న చర్మం ఎర్రబడి పొట్టు రాలుతోంది. మొదట్లో చర్మానికి ఆనుకుని ఉన్న పూసలు ఇప్పుడు కాస్త ఎత్తుగా లేచినట్లు కనిపిస్తున్నాయి. ఉదయం లేచేసరికి రంధ్రాల దగ్గర లేత పసుపు రంగు పక్కు కట్టి ఉంటోంది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం రాలేదు.

నాకు వేసినది కనుబొమ్మకు వాడే వంపు కడ్డీ. రోజుకు మూడుసార్లు స్పిరిట్ అద్దుతున్నాను. చిన్నప్పుడు చెవులు కుట్టించినప్పుడు తిప్పుతూ ఉండమని చెప్పిన సంగతి గుర్తుండి, కడ్డీ లోపల అంటుకుపోకుండా ఉదయం సాయంత్రం అటూ ఇటూ కదుపుతున్నాను. కళ్లజోడు కూడా పెట్టుకుంటాను. ఇది చీము పట్టడమా, లేక శరీరం కడ్డీని బయటికి నెట్టేయడాన్ని రిజెక్షన్ అంటారే, అదా? తీసేయకుండా కాపాడుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

సూదిమొన ఇచ్చిన సమాధానం

నీలిపిట్ట గారూ, నేను ఈ పని చేసేవాడినే. చూడకుండా ఖాయంగా చెప్పడం సరికాదు గానీ, మీరు వర్ణించిన తీరు చూస్తే చీము కన్నా రిజెక్షన్ అనే ఎక్కువగా అనిపిస్తోంది. ఆ లేత పసుపు పక్కు చీము కాదు. మానుతున్న ఏ పుండు నుంచైనా పలుచని రసి ఊరుతుంది, అదే ఆరి పక్కు కడుతుంది. చీమైతే చిక్కగా, ముదురు పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటుంది, తరచుగా వాసన వేస్తుంది, ఆ చోట వేడిగా తగులుతూ సలుపుతుంది.

అసలు సంగతి ఆకారంలో ఉంది. చెవి తమ్మెలో సూది ఒక వైపు దిగి అవతలి వైపు తేలుతుంది కాబట్టి ఆభరణం చుట్టూ అన్ని వైపులా కండ ఉంటుంది. చెంప ఎముక మీద మాత్రం సూది దిగేదీ పైకి వచ్చేదీ ఒకే తలం మీదే. కడ్డీకి పైనున్నది పలుచని చర్మపు పొర ఒక్కటే. ఒంట్లో ముల్లు గుచ్చుకుంటే శరీరం దాన్ని ఎలా కొద్దికొద్దిగా బయటికి తోస్తుందో, ఈ కడ్డీనీ అలాగే తోస్తుంది. దగ్గరి దారి పైకే గనుక పైకి తోస్తుంది. కనుబొమ్మ దగ్గర చర్మాన్ని వేళ్లతో మడతగా పట్టుకోవచ్చు కాబట్టి అక్కడ వంపు కడ్డీ చాలామందికి నిలుస్తుంది. చదునైన చోట అదే కడ్డీ వేస్తే, చదునుగా ఉండాలని చూసే చర్మానికీ వంపు కడ్డీకీ మధ్య రాత్రింబగళ్లు పెనుగులాట జరుగుతుంది. అందుకే ఇలాంటి చోట్లకు స్టేప్లర్ పిన్నులా రెండు కొనలూ నిటారుగా పైకి మడిచిన సర్ఫేస్ బార్ వాడతారు. దాని నడిమి భాగం చర్మం కింద సమాంతరంగా పడుకుంటుంది, కొనలు తిన్నగా పైకి వస్తాయి, ఒత్తిడి తక్కువ. లోహం కూడా ముఖ్యమే: శరీరంలో అమర్చడానికి తగిన ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణపు టైటానియం అయితే మంచిది, ఎందుకంటే స్టీలులో నికెల్ ఉంటుంది, అది పడని వారికి దురద, ఎరుపు తగ్గవు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా సర్ఫేస్ పియర్సింగ్ శాశ్వతంగా నిలుస్తుందని నేను ఎవరికీ మాట ఇవ్వను. కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది, కొందరికి కొన్ని నెలల్లోనే తేలిపోతుంది.

ఇప్పుడు మీరు చేయవలసినది ముందు కొలవడం. అద్దం ముందు నిలబడి, ముఖ కండరాలు వదులుగా ఉంచి, రెండు రంధ్రాల మధ్య ఎంత చర్మం ఉందో చిన్న స్కేలుతో చూడండి. చేయించుకున్న రోజు తీసిన ఫొటో ఉంటే దానితో పోల్చండి. ఆ దూరం వారం వారం తగ్గుతూ 6 మిల్లీమీటర్ల దరిదాపులకు వచ్చినా, చర్మం లోంచి లోహపు మెరుపు కనిపించినా, ఇక కాపాడుకునే ఆలోచన వదిలేయండి.

స్పిరిట్ ఈ రోజే మానేయండి. అది క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలనూ చంపుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు జిడ్డుగా రంధ్రాన్ని మూసి గాలి ఆడనివ్వదు. 0.9 శాతం స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీరు) రోజుకు ఒకటి రెండుసార్లు చల్లి, మెత్తబడిన పక్కును గాజుగుడ్డతో తుడిచి, తడి లేకుండా అద్దితే చాలు. ఇంట్లో కలిపే ఉప్పునీరు దాదాపు ఎప్పుడూ అవసరానికి మించి ఉప్పగా ఉండి చర్మాన్ని ఎండగడుతుంది. కడ్డీని తిప్పడం కూడా ఆపండి. అది అంటుకుపోదు, తిప్పిన ప్రతిసారీ ఎండిన పక్కు లోపలికి పోయి అప్పుడే ఏర్పడిన పొరను గీరుతుంది. చెవుల గురించి చెప్పిన ఆ సలహా పాతకాలపుది, దాన్ని నా దగ్గరికి వచ్చేవారి మనసులోంచి తీసేయడానికి నాకు రోజూ సగం సమయం పడుతుంది.

గులకరాయి ఇచ్చిన సమాధానం

ఇంత తొందరగా ఆశ వదులుకోనక్కరలేదని నా అభిప్రాయం. నాకు కనుబొమ్మ దగ్గర ఇలాగే ఎర్రబడితే, పొడవు కడ్డీ తీసి పొట్టిది వేయించుకున్న తరువాత రెండు వారాల్లో సర్దుకుంది. వంపు కడ్డీ బదులు సర్ఫేస్ బార్ వేయించుకుంటే సరిపోతుంది కదా?

సూదిమొన

గులకరాయి గారూ, మీ విషయంలో జరిగినది వేరు. మొదట వాపుకు చోటు ఉంచాలని పొడవు కడ్డీ వేస్తారు. వాపు తగ్గిన తరువాత, అంటే సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, దాన్ని పొట్టిది చేయకపోతే అది దేనికో ఒకదానికి తగులుకుంటూ చర్మాన్ని రేపుతుంది. పొట్టిది వేయగానే తగ్గడం సహజమే. ఇక్కడ లోపలి దారి వంపుగా తయారైంది. అందులోకి నిటారు కొనలున్న కడ్డీని దూర్చాలంటే దారిని చింపవలసిందే, అసలే పలచబడిన చర్మం దానికి తట్టుకోదు.

తెల్లకోటు ఇచ్చిన సమాధానం

వైద్యరంగంలో పనిచేసే వ్యక్తిగా ఒక్క విషయమే చెప్పదలచుకున్నాను. ముఖం మీద, ముఖ్యంగా కంటికి ఇంత దగ్గరగా, చీము పట్టిందన్న అనుమానం ఉంటే రేపటికి వాయిదా వేయకూడదు. ముఖంలోని రక్తనాళాలకు కంటి వెనుక భాగంతోనూ పుర్రె లోపలి భాగంతోనూ సంబంధం ఉంది కాబట్టి, ఇక్కడి ఇన్ఫెక్షన్‌ను చేతి మీది పుండులా తేలికగా తీసుకోరు. ఎరుపు గంటగంటకూ విస్తరించినా, రెప్ప వాచినా, కన్ను కదిపితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, జ్వరం వచ్చినా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. అలాంటప్పుడు ఆభరణాన్ని మీ అంతట మీరు లాగేయకండి. రంధ్రాలు మూసుకుపోయి చీము లోపలే నిలిచి గడ్డ కట్టవచ్చు. మీరు రాసిన లక్షణాలలో ఇవేవీ లేవు గనుక ఇప్పటికి కంగారు అవసరం లేదు.

పాతమచ్చ ఇచ్చిన సమాధానం

నేను మొండికేసి ఉంచుకున్నాను, ఫలితం చెబుతాను. కనుబొమ్మ పైన వేయించుకున్న కడ్డీ ఐదో నెలలో తేలడం మొదలైతే, డబ్బు పోతుందన్న బాధతోనూ, అందరూ బాగుందన్నారన్న మురిపెంతోనూ మరో రెండు నెలలు లాగాను. చివరికి తువ్వాలు తగులుకుని, దారం మందాన మిగిలిన చర్మం తెగి ఊడిపడింది. ముందే తీయించుకుంటే రెండు చుక్కలతో పోయేది, ఇప్పుడు గాడి పడిన గీత ఉంది. మా ఇంట్లో కిలాయిడ్లు లేవు కాబట్టి అంతటితో ఆగింది. గాయపు హద్దు దాటి పెరిగే ఆ మచ్చలు మీకు గానీ, మీ దగ్గరి బంధువులకు గానీ ఎప్పుడైనా వచ్చి ఉంటే మరింత జాగ్రత్త పడండి.

కళ్లజోడు మాట ఎవరూ ఎత్తలేదు. నవ్వినప్పుడు చెంప పైకి లేచి ఫ్రేము కింది అంచు పూసకు తగులుతోందేమో ఒకసారి అద్దంలో చూసుకోండి.

నీలిపిట్ట

అందరికీ కృతజ్ఞతలు. కొలిచాను. మొదటి రోజు ఫొటోను పూస కొలతతో పోల్చి లెక్కవేస్తే అప్పుడు దాదాపు 11 మిల్లీమీటర్లు, ఇప్పుడు 7 కన్నా తక్కువ. పాతమచ్చ గారు చెప్పింది నిజం, నవ్విన ప్రతిసారీ ఫ్రేము పై పూసను నొక్కుతోంది. ఏడు వారాలుగా అద్దంలో చూసుకుంటూ కూడా గమనించలేదు. చర్మాన్ని కాస్త బిగించి చూస్తే మధ్యలో బూడిద రంగు నీడ కనబడుతోంది. రేపు తీయించుకుంటున్నాను. తీసిన తరువాత ఏం చేయాలి? ఎప్పటికైనా అదే చోట మళ్లీ చేయించుకోవచ్చా?

సూదిమొన

మంచి నిర్ణయం. తీసిన తరువాత రంధ్రాలు మూసుకునే దాకా అదే సెలైన్ కొనసాగించండి, పక్కు కెలకకండి. చర్మం పూర్తిగా మూసుకున్నాకే మచ్చకు రాసే సిలికోన్ జెల్ మొదలుపెట్టండి, బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాయండి, ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడుతుంది. ఎరుపు తగ్గడానికి నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి.

మళ్లీ చేయించుకోవడం గురించి: కనీసం ఆరు నెలలు ఆగి, మచ్చ మెత్తబడిందో లేదో చూపించుకోండి. మచ్చ గుండానే సూది దించడం నాకు ఇష్టం ఉండదు, ఆ చర్మానికి సాగే గుణం తక్కువ. కళ్లజోడు మానరు గనుక ఫ్రేము తగలని చోటు వెతకవలసి ఉంటుంది. అలాంటి చోటు దొరకకపోతే నేనైతే చేయను. చర్మంలో చిన్న పాదం అమర్చి పైన ఒక్క పూస మాత్రమే కనబడేలా వేసే డెర్మల్ ఒక ప్రత్యామ్నాయం గానీ, అదీ తేలవచ్చు, తీయడం దీనికన్నా కష్టం.

నీలిపిట్ట

తీయించుకుని పన్నెండు రోజులైంది. తీసేటప్పుడు ఒక్క క్షణం జివ్వుమంది, అంతే. పై రంధ్రం మూసుకుంది, కింది దాని దగ్గర ఇంకా చిన్న పక్కు ఉంది కాబట్టి జెల్ మొదలుపెట్టలేదు. రెండింటి మధ్య చర్మాన్ని వేలితో తడిమితే సన్నని తాడులా గట్టిగా తగులుతోంది.

సూదిమొన

అది లోపలి దారి మానుతూ గట్టిపడటం. కింది పక్కు దానంతట అది రాలిన తరువాత, జెల్ రాసేటప్పుడు వేలితో మెల్లగా మర్దన చేస్తే కొన్ని నెలల్లో మెత్తబడుతుంది. అప్పటిదాకా నొక్కి చూడకండి.