నాయనమ్మ ఫోన్‌లో ఆడుకునే పిల్లవాడికి రక్షణ ఎలా కల్పించాలి?

మా అబ్బాయికి 11 ఏళ్లు. మేమిద్దరం ఉద్యోగాలనుంచి వచ్చేదాకా మా అత్తగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, జట్లుగా ఆడే ఒక ఆట ఆడుతుంటాడు. అందులో ముక్కూమొహం తెలియనివారితోనూ మాట్లాడే వీలుంది. ఈమధ్య ఎవరో 'తమ్ముడూ' అంటూ వరుస కలిపి, ఉచితంగా డైమండ్లు (ఆటలో కొనుగోళ్లకు వాడేవి) ఇప్పిస్తానని ఆశపెట్టి, మొదట బడి పేరు, తర్వాత వాట్సాప్ నంబరు, చివరికి ఓటీపీ అడిగినట్లు చాట్‌లో కనిపించింది. ఓటీపీ చెప్పలేదు, అదీ వాడి జాగ్రత్తవల్ల కాదు, సరిగ్గా అప్పుడే నాయనమ్మ ఫోన్ తీసుకున్నందువల్ల!

ఆ ఖాతాను బ్లాక్ చేసి, స్క్రీన్‌షాట్లు భద్రపరిచాను. పిల్లల సహాయానికి 1098, సైబర్ ఆర్థిక మోసాలకు 1930 ఉన్నాయని తెలుసు. డబ్బు పోని ఇలాంటి సందర్భంలో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసినవారుంటే, తర్వాత ఏం జరిగిందో తెలుపగలరు.

నా అసలు ఇబ్బంది వేరు. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌లకు మన అనుమతి అడుగుతుంది, వాడకానికి సమయ పరిమితి పెడుతుంది గానీ, ఆటలోపలి సంభాషణను చూపదు. పైగా అది పిల్లల సొంత ఫోన్‌కు తగిన ఏర్పాటు. ఇక్కడ ఫోన్ పెద్దావిడది, ఆమె పింఛను ఖాతా, యూపీఐ అందులోనే ఉన్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే రెండో యూజర్ సదుపాయాన్ని (అదే ఫోన్‌లో మరొకరి యాప్‌లు, ఖాతాలు వేరుగా ఉంచే ఏర్పాటు) పిల్లల కోసం ఇలా వాడినవారు ఎవరైనా ఉన్నారా? ఆమె తికమకపడకుండా అది నడుస్తుందా? ఆటను తీసేస్తే పక్కింటి ఫోన్‌లో ఆడతాడు కనుక ఆ సలహా మాత్రం వద్దు. మీ ఫోన్ మోడల్ కూడా రాస్తే మేలు.