నాలుగు రోజుల మంచు ట్రెక్‌కి 40 లీటర్ల బ్యాగు చాలా, 65 కావాలా?

కృష్ణలంక కుర్రోడు:
అందరికీ నమస్తే. డిసెంబరు ఆఖర్లో నలుగురం ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాం. సంక్రి ఊరి నుంచి నడక మొదలు, శిఖరం దాదాపు 12,500 అడుగులు, నిండా మంచు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి అన్నీ మమ్మల్ని ట్రెక్‌కి తీసుకెళ్లేవాళ్లే చూసుకుంటారు. మన బట్టలు, నీళ్లు మనమే మోసుకోవాలి. నిన్న బెజవాడలో ఒక షాపుకెళ్తే అక్కడి కుర్రాడు 65 లీటర్లది చేతికిచ్చి "పెద్దది తీసుకోండి సార్, అన్నిటికీ పనికొస్తుంది" అన్నాడు. మా ఫ్రెండేమో 40 చాలంటాడు. మా నాన్న "ఉన్న కాలేజీ బ్యాగుకేమైంది?" అంటున్నారు. బడ్జెట్ ఐదు వేలు. నా బరువు 62 కిలోలు. కాస్త తేల్చండి.

లాడ్జి సెంటర్ టీ కొట్టు:
65 తీసుకో బ్రో, ఆలోచించకు. మనకు చలంటే ఏంటో తెలీదు. గుంటూరులో స్వెటర్ బీరువాలోంచి తీస్తే నవ్వుతారు. అక్కడ థర్మల్స్, ఫ్లీసు, లావుపాటి జాకెట్, రెండు జతల ఉన్ని సాక్సులు. జాకెట్ ఒక్కటే పది లీటర్లు తినేస్తుంది. పెద్ద బ్యాగులో సగమే నింపి పక్క పట్టీలు లాగితే చిన్నదవుతుంది. చిన్న బ్యాగు మాత్రం ఎంత లాగినా పెద్దదవదు.

బ్రాడీపేట నాలుగో లైను:
అన్నా, ఖాళీ ఉంటే సగమే నింపే మనిషిని నువ్వు చూశావా? మా ఇంట్లో లేరు. పోయినసారి 60 లీటర్లది తెచ్చుకున్నాను. బయల్దేరే రాత్రి చూస్తే అడుగున సున్నుండల డబ్బా, కందిపొడి సీసా, "చలి కదరా" అని ఒక దుప్పటి. 14 కిలోలు తేలింది. సున్నుండలు మాత్రం మొదటి క్యాంపులోనే అయిపోయాయి, అది వేరే సంగతి. టెంటు మోయనప్పుడు 40 చాలు. జాకెట్ ఎలాగూ ఒంటి మీదే ఉంటుంది.

లాడ్జి సెంటర్ టీ కొట్టు:
ఎక్కేటప్పుడు జాకెట్ వేసుకుని నడువు తమ్ముడూ, చెమటకు తడిసి ముద్దవుతావు. ఆగినప్పుడే వేసుకోవాలి. నడుస్తున్నంతసేపూ అది బ్యాగులోనే.

బ్రాడీపేట నాలుగో లైను:
సరే, ఆ ఒక్క పాయింటు నీదే.

కొండవీటి చాంతాడు:
పేరుకు తగ్గట్టు పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మీరిద్దరూ లీటర్ల దగ్గరే కొట్టుకుంటున్నారు. లీటరంటే లోపల ఎంత పడుతుందనే లెక్కే. మోసేది వీపు. నేను కర్ణాటకలో కుమారపర్వతం కొండ కుక్కె వైపు నుంచి ఎక్కినప్పుడు నా బ్యాగు 45 లీటర్లే, బరువు తొమ్మిది కిలోలే. అయినా దిగాక రెండు రోజులు చెయ్యి పైకెత్తి తల దువ్వుకోలేకపోయాను. కారణం, దానికి నడుం పట్టీ అని ఒక పల్చటి నాడా ఉందంతే. బరువంతా భుజాలే మోశాయి.

మిర్చియార్డులో హమాలీని చూడండి. నలభై కిలోల టిక్కీని, అంటే మిర్చి బస్తాని, భుజాలకు వేలాడదీసుకోడు. ముందుకు వంగి వీపు మీదకు తీసుకుంటాడు, బరువు నడుం మీదుగా కాళ్లకు దిగుతుంది. మంచి బ్యాగు మనల్ని వంచకుండా అదే పని చేస్తుంది. లోపల అల్యూమినియం కడ్డీయో గట్టి ప్లాస్టిక్ షీటో ఉంటుంది, కింద మెత్తటి వెడల్పాటి బెల్టు ఉంటుంది. సరిగ్గా బిగిస్తే బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకలే తీసుకుంటాయి, భుజాలు బ్యాగును నిలబెట్టడానికే.

కొనే ముందు వీపు కొలుచుకోండి. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక బొడుపులా తగులుతుంది, టేపు అక్కడ పెట్టాలి. రెండు చేతులూ నడుం మీద వేసి, తుంటి ఎముక పైఅంచు తగిలేదాకా జరపండి. బొటనవేళ్లు రెండూ వెన్ను మీద కలిసేచోట రెండో గుర్తు. ఆ మధ్య దూరమే మీ సైజు. మనిషి ఎత్తుకూ దీనికీ సంబంధం తక్కువ. మా బావమరిది ఆరడుగులు, అంతా కాళ్లే. నాదీ వాడిదీ ఒకటే కొలత, 45 సెంటీమీటర్లు.

వేసుకునేటప్పుడు పట్టీలన్నీ వదులు చేసి ముందు నడుం బెల్టు పెట్టాలి. తుంటి ఎముక మీద, బొజ్జ మీద కాదు. తర్వాత భుజాలవి, ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగుకు వెళ్లే చిన్న పట్టీలు, చివర ఛాతీది. మనవాళ్లు దీన్ని తిరగేసి చేసి బ్యాగును తిడతారు.

బరువైన సామాను వీపుకు దగ్గరగా, నడిమధ్యలో సర్దాలి. నీళ్లు రెండు లీటర్లంటే రెండు కిలోలు, అది బయట జేబులో ఒకే పక్క వేలాడితే రోజంతా ఒరిగి నడుస్తారు.

లాడ్జి సెంటర్ టీ కొట్టు:
గురువుగారూ, హమాలీ యాభై అడుగులు నడుస్తాడు, ఈయన నాలుగు రోజులు నడవాలి. పోలిక కుదర్లేదు. అయినా టేపులెందుకు, పెళ్లి సూటు కుట్టించుకుంటున్నాడా?

కొండవీటి చాంతాడు:
పెళ్లి సూటు నాలుగు గంటలు వేసుకుంటాం. ఇది నాలుగు రోజులు.

అయిదడుగుల ఒకటి:
టేపు గురించి నవ్వుతున్న అన్నగారికి ఒక మాట. నా ఎత్తు అయిదడుగులు. ఆడా మగా అందరికీ సరిపోతుందని చెప్పి 60 లీటర్లది అంటగట్టారు. నడుం బెల్టు తొడల పైన కూర్చుంది, మెట్టు ఎక్కిన ప్రతిసారీ మోకాలితో బ్యాగును తన్నుకుంటూ వెళ్లాను. కోటప్పకొండ మెట్లదారి సగం ఎక్కేసరికే తెలిసిపోయింది. తర్వాత ఆడవాళ్ల సైజుది తీసుకున్నాను. వీపు పొట్టి, భుజం పట్టీలు దగ్గరగా ఉంటాయి. అది 50 లీటర్లదే. కానీ సమస్య తీర్చింది ఆ అంకె కాదండీ.

కుట్టుమిషను:
నాది బ్యాగులు రిపేరు చేసే పని. దాదాపు రెండే పనులు వస్తాయి. ఒకటి, జిప్పు రన్నరు అరిగిపోవడం. అది నిమిషాల్లో మార్చేస్తాం, భయపడక్కర్లేదు. రెండోది, భుజం పట్టీ మొదట్లో తెగడం. కొనేటప్పుడు అక్కడ గట్టిగా గుంజి చూడండి. అడ్డంగా దట్టంగా కుట్టు వేసి ఉంటే మంచిది, ఒక్క వరసే ఉంటే వద్దు.

ఇంకోటి. మన దగ్గర ఉక్కకు అటక మీద రెండు మూడేళ్లు పడేస్తే లోపలి పూత జిగురై పొట్టులా రాలిపోతుంది. అలాంటివి తెచ్చి "వాటర్‌ప్రూఫ్ అన్నారే" అంటారు. ఆ పూత పోయాక నేనేం చేయలేను. అసలు కొత్తదైనా కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. పైన వేసే రెయిన్ కవరు వీపు వైపు కప్పదు కాబట్టి లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు పెట్టి, అందులో బట్టలు సర్దుకోండి.

బెంజిసర్కిల్ బడ్జెట్:
ఎవరూ అనట్లేదు గానీ, ఏడాదికోసారి వెళ్లేవాడికి కొనడం ఎందుకు? సంక్రిలోనే అద్దెకు దొరుకుతాయి. లేదంటే డబ్బు కట్టి పెద్ద బ్యాగు కంచరగాడిద మీద వేయించి, నీళ్లూ జాకెట్‌తో చిన్న బ్యాగు వేసుకుని నడవచ్చు.

బ్రాడీపేట నాలుగో లైను:
గాడిద మీద వేస్తే ట్రెక్ చేశానని ఎలా చెప్పుకుంటాం అన్నా?

బెంజిసర్కిల్ బడ్జెట్:
వెన్ను నొప్పి ఉన్నవాడికి ఆ పరువు గోల ఉండదు తమ్ముడూ. నాకు ఉంది.

కొండవీటి చాంతాడు:
ఇందులో తప్పేం లేదు, నొప్పి ఉంటే అలాగే వెళ్లాలి. అద్దె విషయంలో మాత్రం ఒప్పుకోను. అక్కడికెళ్లాక మీ వీపుకు సరిపోయేది మిగిలి ఉంటుందని నమ్మకం లేదు. బూట్లూ బ్యాగూ ఇంటి దగ్గరే వేసుకుని అలవాటు పడాలి.

కృష్ణలంక కుర్రోడు:
అప్‌డేట్. ముందు తీసుకెళ్లేవన్నీ మంచం మీద పరిచి గోనెసంచిలో కుక్కి చూశాను. జాకెట్‌తో కలిపి సంచి నిండింది, నీళ్లతో తొమ్మిదిన్నర కిలోలు. కాలేజీ బ్యాగులో సగం కూడా పట్టలేదు, నాన్న ఇక ఏమీ అనలేదు.

నా వీపు 44 సెంటీమీటర్లు. షాపులో బరువు కావాలంటే ఆ కుర్రాడు నవ్వి, పక్క అరలోంచి డంబెల్స్ తెచ్చి టవల్‌లో చుట్టి బ్యాగులో పెట్టాడు. 65 లీటర్లది ఎంత బిగించినా బెల్టు తుంటి ఎముక కిందికే జారింది. 40 బాగానే కూర్చుంది గానీ దానికి లోపల కడ్డీ లేదు, పావుగంటకే భుజాలు లాగాయి. చివరికి వీపు సైజు మార్చుకునే 50 లీటర్లది తీసుకున్నాను. షాపు మెట్లు పదిసార్లు ఎక్కి దిగితే వాచ్‌మన్ వచ్చి ఏం పోయిందని అడిగాడు. బడ్జెట్ ఆరు వందలు దాటింది.

లాడ్జి సెంటర్ టీ కొట్టు:
40 చాలలేదు కదా. నేను చెప్పిందే.

బ్రాడీపేట నాలుగో లైను:
65 అక్కర్లేదని తేలింది కదా. నేను చెప్పింది.

కృష్ణలంక కుర్రోడు:
ఆదివారం పొద్దున్నే అదే బ్యాగుతో కొండపల్లి కోటకు నడక. వచ్చేవాళ్లు చెప్పండి, నీళ్లు ఎవరివి వాళ్లే. అమ్మ ఇప్పటికే ఆవకాయ సీసా తెచ్చి బ్యాగు పక్కన పెట్టింది.

బ్రాడీపేట నాలుగో లైను:
సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి తీసుకురా. నేను వస్తున్నా.