అప్‌డేట్: రెండేళ్ల తర్వాత ప్రభు బల్లలో పాల్గొన్నాను

అన్నయ్య చిట్టీ డబ్బులు వాడేసుకుని అబద్ధం చెప్పాను, ఈ పాపంతో ప్రభు బల్లలో (యేసును గుర్తు చేసుకుంటూ చర్చిలో తీసుకునే) రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చా అని అప్పట్లో అడిగాను కదా. చాలామంది బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం చదవమన్నారు. అసలు నన్ను భయపెట్టిందే ఆ అధ్యాయం, అందులో 'అయోగ్యముగా' తినేవాడు దోషి అవుతాడనే మాట. ఈసారి 21వ వచనం నుంచి చదివాను. పౌలు గద్దించింది, పక్కవాళ్లు ఆకలితో ఉంటే ముందే తినేసినవాళ్లని. 28వ వచనం కూడా పరీక్షించుకుని తినమంటుంది, మానేయమనదు. ఇన్నాళ్లూ సగమే చదివానన్నమాట!

పాస్టర్ గారు బైబిల్లో క్రీస్తులో ఉన్నవాళ్లకి శిక్ష లేదని చెప్పే రోమా 8:1 చూపించి, "శిక్ష లేదు సరే, అప్పు ఉంది కదమ్మా" అన్నారు. అన్నయ్యకి చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. నెలకు రెండు వేలు తిరిగిస్తున్నాను. మొన్న మొదటి ఆదివారం బల్ల దగ్గర టెన్షన్‌తో చేతులు వణికాయి, కానీ తీసుకున్నాను.