తొమ్మిదిలో ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ తీసుకుంటే ఇంజనీరింగ్ దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: ఒక తండ్రి, పూతలపట్టు

మా అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. తొమ్మిదిలో ఎలక్ట్రానిక్స్ వృత్తి విద్య తీసుకుంటానని పట్టుబట్టింది. మా బావమరిదేమో "చదువు రాని పిల్లలకు పెట్టిన క్లాసు అది, అందులో చేరితే ఎంపీసీ మరిచిపోవాల్సిందే" అంటున్నాడు. నేను మామిడి తోట కౌలుకు చేసుకునేవాణ్ణి. ఒకసారి తప్పటడుగు వేస్తే దిద్దుకునే స్తోమత లేదు. చేర్చమంటారా, వద్దంటారా?

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చంద్రగిరి

చేర్చండి. అయితే మీ బావమరిది భయం ఊరికే పుట్టలేదు. లెక్కల్లో వెనుకబడినవాళ్లను ఏరి ట్రేడ్ క్లాసుకు పంపింది మా ఉపాధ్యాయులమే. చదువుతో పాటు చేతిపని నేర్పాలని 1966లోనే కొఠారి కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే మొదలుపెట్టమంది. మేము మాత్రం దాన్ని వెనుక బెంచీకి కేటాయించాం.

ట్రేడ్ తీసుకున్నా లెక్కలు, సైన్సు ఎక్కడికీ పోవు. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పాలిసెట్ 120 మార్కులకు ఉంటుంది: లెక్కలు 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. అందులో ట్రేడ్ ఊసే ఉండదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. అక్కడ ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిసే ఉంటాయి.

మీరు బడికి వెళ్లి రెండు విషయాలు చూడండి. ట్రేడ్ పీరియడ్ ఏ పీరియడ్‌ను తిని పుట్టిందో టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది. లెక్కల పీరియడ్‌ను తిని ఉంటే గట్టిగా అడగండి. రెండోది, పరికరాలు చూపించమనండి. నేను పనిచేసిన ఒక బడిలో సోల్డరింగ్ ఐరన్ల పెట్టెను ఏడాది పాటు విప్పలేదు. ఒకటి పాడైతే స్టాకు రిజిస్టరులో ఎవరు సమాధానం చెప్పాలన్నదే బెంగ!

తండ్రి:

చాలా సంతోషం సార్. మరి పదో తరగతి తర్వాత ఇంటర్‌లో కూడా ఒకేషనల్ తీసుకోవచ్చా?

జవాబు: పాలిటెక్నిక్ అధ్యాపకురాలు, తిరుపతి

అక్కడ జాగ్రత్త అవసరం అన్నగారూ. దారి ఇరుకయ్యేది తొమ్మిదిలో కాదు, ఇక్కడే. ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లు ఇంజనీరింగ్‌కు వెళ్లాలంటే లెక్కలు, సైన్సు అదనంగా చదివించే బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా రాసి ఉండాలి. ఈ మాట చాలామందికి రెండో ఏడాది చివర్లో, ఫీజు గడువు దాటాక తెలుస్తుంది. చేరిన రోజే బ్రిడ్జి కోర్సు గురించి అడిగి రాసిపెట్టుకోండి.

అమ్మాయికి ఎలక్ట్రానిక్స్ నిజంగా నచ్చితే పాలిటెక్నిక్ మేలని నా అభిప్రాయం. నేను అక్కడే పనిచేస్తాను కనుక కొంచెం పక్షపాతం ఉందనుకోండి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లవచ్చు, లేదా ఉద్యోగంలో చేరవచ్చు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రభుత్వ పాలిటెక్నిక్‌తో పాటు టీటీడీ వారి శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది. మా దగ్గర పిల్లలు తడబడేది మొదటి ఏడాది గణితంలోనే. త్రికోణమితి పదో తరగతిలో బట్టీ పట్టి వస్తారు, ఇక్కడ దాన్ని వాడమంటే బిత్తరపోతారు. పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చే వేసవిలో ఆ ఒక్క అధ్యాయం మళ్లీ చేయించండి.

మరొకరు, శ్రీసిటీలో ఉద్యోగి:

నేనూ డిప్లొమానే అన్నా. మల్టీమీటర్ పట్టుకోవడం పదిరోజుల్లో వచ్చేసింది. నన్ను ఏడిపించింది యంత్రం పక్కన అతికించిన ఇంగ్లీషు సూచనల కాగితం. దాన్ని చదివి, షిఫ్టు మారేటప్పుడు ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పాలి. అమ్మాయి చేత ఇప్పటినుంచే ఫ్యాను డబ్బా మీద, మిక్సీ డబ్బా మీద ఉన్న కాగితాలు చదివించండి.

తండ్రి, మూడు రోజుల తర్వాత:

బడికి వెళ్లాను. టైంటేబుల్‌లో ట్రేడ్ పీరియడ్ లెక్కలది కాదు, ఆటలది. పిల్లకు అదొక్కటే కోపం. పరికరాల గది తాళం ఎవరి దగ్గర ఉందో వెతకడానికే అరగంట పట్టింది. సోమవారం తెరిచి చూపిస్తామన్నారు. బావమరిదిని కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నాను.