లంబసింగిలో పిల్లలతో గుడారం: రాత్రి చలికి ఏం చేయాలి?

గాజువాక అమ్మ: జనవరిలో లంబసింగి వెళ్తున్నాం. ఇద్దరు పిల్లలు, మా మామగారు, మేమిద్దరం. రెండు రాత్రులు గుడారంలోనే పడక. చలి సున్నా దాకా దిగుతుందంటున్నారు. లోపల చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా?

కొండబాట: వద్దండీ, దయచేసి వద్దు. మూడేళ్ల కిందట మేము చేసిన తప్పు అదే. మంట లేదు, పొగ లేదు, ఇంకేం భయమనుకుని జిప్పు పూర్తిగా వేసేశాం. అర్ధరాత్రి మా పాప తలనొప్పి అని ఏడుస్తూ లేచి వాంతి చేసుకుంది. సాయంత్రం తిన్నది పడలేదేమో అనుకున్నాను. లేవబోతే నా కాళ్లే తూలాయి. అప్పుడు అనుమానం వచ్చి అందరినీ బయటకు లాగాను. ఆ పిల్ల ఏడవకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

రాత్రి డ్యూటీ: నేను నర్సును. రగిలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ను నమ్మకండి, ప్రాణం మీదకు వచ్చినా మామూలు అంకే చూపించవచ్చు. గుడారం తలుపు కాస్త తెరిచి ఉంచితే చాలదు. గ్యాస్ స్టవ్ కూడా బయటే. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పి పుడితే ముందు బయటకు రండి, వెంటనే 108కి ఫోను చేయండి.

గాజువాక అమ్మ: భయం వేసింది. మరి మామగారికి వెచ్చదనం ఎలా?

చింతపల్లి: చలి ఎక్కువగా నేలలోంచే ఎక్కుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పడం కన్నా కింద మందపాటి పరుపు వేయడం మేలు. చెమట పట్టిన బట్టలు పడుకునే ముందు మార్చండి. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి కాళ్ల దగ్గర పెట్టండి. చలిమంట గుడారానికి దూరంగా వేసి, పడుకునే ముందు నీళ్లు పోసి, కలియబెట్టి ఆర్పండి. తెల్లవారుజామున మంచులో ఎదుటి బండి కనబడదు, పిల్లలను రోడ్డు అంచున ఫొటోలకు నిలబెట్టకండి.

కొండబాట: కుంపటి లేదు కాబట్టి, పాములు దూరకుండా గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, బూట్లు దులిపి తొడగండి. కట్లపాము కాటు నొప్పి తెలియకపోవచ్చు. అనుమానం వస్తే కోయడం, బిగించి కట్టడం మాని, కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గాజువాక అమ్మ: కుంపటి ఇంట్లోనే ఉంచేస్తున్నాను. మామగారికి మాత్రం దగ్గర్లో ఒక గది మాట్లాడాం.

రాత్రి డ్యూటీ: మంచి పని. ఆ గదిలోనూ కుంపటి పెట్టనివ్వకండి.